రెడ్ వైన్‌లో ఉసిరికాయ

చారులో ఇంగువ వేయలేదని గౌరీశంకర్ గుర్తుపట్టలేకపోయిన రోజున నళినికి సంగతి పూర్తిగా అర్థమైంది.

అంతకు రెండు వారాల ముందే అనుమానం వచ్చింది. ఆమె మేడమీద బట్టలు మడతపెడుతూంటే కిందనుంచి మాడు వాసన మెట్లెక్కి వచ్చింది. పరుగున దిగి చూస్తే పాలు పొంగి, ఇగిరిపోయి, గిన్నె అడుగు నల్లబడుతోంది. పొయ్యికి ఆరడుగుల దూరంలో, అటు వీపు పెట్టి, ఆయన పేపరు చదువుకుంటున్నాడు.

"ఏమైంది, అలా పరిగెత్తుకొచ్చావు?" అన్నాడు తలెత్తి.

నళిని పొయ్యి కట్టేసింది. ఆయన్ని అడిగితే చెప్పడు, అడక్కపోయినా చెప్పడు, పరీక్ష పెడితే మాత్రం దొరికిపోతాడని ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమెకు తెలిసింది. అందుకే ఒకరోజు కావాలని ఇంగువ లేకుండా చారు పెట్టింది. ఇంగువ ఒక్క రవ్వ తగ్గితే "ఇదేమిటి, ఆసుపత్రి చారా?" అనే మనిషి రెండోసారి పోయించుకుని, "ఇవాళ చారు బ్రహ్మాండం" అన్నాడు. నళిని ఖాళీ గిన్నె పట్టుకుని సింకు దగ్గరికి వెళ్ళి, కుళాయి తిప్పింది.

"ఎన్నాళ్ళయింది?" అని అడిగింది, వెనక్కి తిరక్కుండానే.

జనవరిలో పట్టిన జలుబుతో మొదలట. జలుబు తగ్గింది, వాసన తిరిగి రాలేదు. ఆమెకు చెప్పకుండా రైలెక్కి షికాగో వెళ్ళి అక్కడి స్పెషలిస్టుకి చూపించుకున్నాడట కూడా. వైరస్ వల్ల వాసన తెలిసే నరం దెబ్బతింది, రావచ్చు, రాకపోవచ్చు అన్నారట.

"ఎవరికీ చెప్పకు," అన్నాడు గౌరీశంకర్. "ముఖ్యంగా చక్రపాణికి."

ఇది 2011 సంగతి. ఏడాది గడిచినా వాసన రాలేదు.

ఇంకొకరికైతే అదంత పెద్ద లోటు కాకపోను. గౌరీశంకర్ ముప్పై రెండేళ్ళు ఎనస్థీషియా డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. రెసిడెన్సీ రోజుల్లో ఎవరో పెద్ద డాక్టరు ఒక గ్లాసు చేతికిచ్చి, "తాగకు, ముందు వాసన చూడు" అన్నాడట. అప్పటినుంచి ఆయనకు వైన్ అంటే తాగుడు కాదు, చదువు. షికాగో శివారు నేపర్‌విల్‌లో ఇల్లు కొన్నాక బేస్‌మెంట్‌లో సీసాలకు చెక్క అరలు చేయించాడు. స్నేహితులింట్లో భోజనాలప్పుడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "ఎండు చెర్రీ... వానకి తడిసిన అడవి... వెనకాల ఎక్కడో లవంగం" అని ఆయన చెబుతూంటే మిగతావాళ్ళు వేళాకోళం చేస్తూనే వినేవాళ్ళు. చక్రపాణి, గుంటూరు మెడికల్ కాలేజీ నాటి స్నేహితుడు, ఆయనకి 'ద్రాక్షారామం' అని పేరు పెట్టాడు. "ద్రాక్షారామం వారు వేంచేశారు, సీసాలు దాచండి!" అనేవాడు గుమ్మంలోనే.

ఇప్పుడు ఆ ద్రాక్షారామం వారు బేస్‌మెంట్‌లోకి దిగడమే మానేశారు. అన్నం ముందు కూర్చుని, కాగితం మీద సంతకం పెట్టినట్టు తిని లేస్తున్నారు.

అలాంటి సమయంలో ఫ్రాన్స్ టూరు వచ్చి పడింది. నేపర్‌విల్‌లోనే ఒక చిన్న కంపెనీ, సెప్టెంబరులో ద్రాక్ష కోతల వేళకి అక్కడ వైన్‌కి పేరుపడ్డ బర్గండీ ప్రాంతానికి తీసుకెళుతుంది. పన్నెండు రోజులు. పాత జమీందారీ కోటల్లో బస, వైన్ నిలవచేసే నేలమాళిగలు, మఠాలు, ఐదున్నర శతాబ్దాల కిందట బీదల కోసం కట్టిన ఆసుపత్రి, ఆ ఆసుపత్రికే సొంత ద్రాక్షతోటలు. చక్రపాణి, ఆయన భార్య వసంతలక్ష్మి, ఈఎన్‌టీ సర్జన్ అనురాధ, ఆమె భర్త అప్పుడే పేర్లిచ్చేశారు. గౌరీశంకర్ రాకపోవడమనే ఊహ ఎవరికీ రాలేదు. ఈ ప్రయాణం గురించి పాతికేళ్ళుగా వాళ్ళ చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరింది ఆయనే మరి.

"వాసన లేనివాడు అక్కడికెళ్ళి ఏం చేస్తాడు? బస్సులో కూర్చుని మీ హేండ్‌బ్యాగులకి కాపలా కాస్తాడు," అన్నాడు నళినితో.

మే నెలలో కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. శనివారం మధ్యాహ్నం తమ ఆఫీసులో టేస్టింగ్, వచ్చేవాళ్ళంతా ఒకసారి కలుసుకోవచ్చు. ఆదివారం సాయంత్రంలోగా పేర్లు ఖాయం చేయాలి.

నళిని వైన్ తాగదు. ఒట్టేమీ లేదు, ఆమెకి రుచించదు, అంతే. బర్గండీ లేకపోతే ఆమెకి బెంగా లేదు. కాని ఈ టూరు కాదంటే ఆయన ఇంక దేనికీ అవుననడని ఆమెకి భయం పట్టుకుంది. ముందు ఇది మానేస్తాడు, తర్వాత శనివారం భోజనాలు మానేస్తాడు, తర్వాత ఫోను ఎత్తడం మానేస్తాడు.

"నేను వాసన చూసి చెబుతాను. మీరు పైకి చెప్పండి," అంది.

"కాపీ కొట్టమంటావా?"

"అన్నేళ్ళు జనాన్ని నిద్రపుచ్చారుగా. వాళ్ళ బదులు మీరు మెలకువగా లేరూ? ఇదీ అంతే."

గౌరీశంకర్‌కి నవ్వొచ్చింది. చాలా రోజులకి. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. శనివారం ఎవరూ కనిపెట్టకపోతే ఇద్దరూ వెళ్ళడం. కనిపెడితే పేర్లు పంపకపోవడం, నళిని మళ్ళీ ఆ మాట ఎత్తకపోవడం.

మూడు వారాంతాలు బేస్‌మెంట్‌లో సాధన చేశారు. నళిని గ్లాసులో ముక్కు పెట్టి, తన వంటింట్లోనూ పుట్టింట్లోనూ ఉన్న మాటలతో చెప్పేది. ఆయన వాటిని వైన్ భాషలోకి మార్చి కాగితం మీద రాసుకునేవాడు. నేరేడుపండు అంటే బ్లాక్‌బెర్రీ. తడిసిన గోనెసంచి అంటే ఫారెస్ట్ ఫ్లోర్. పాత పుస్తకాల బీరువా అంటే సీడార్.

"ఇది... కొత్త చెప్పుల కొట్టు," అంది ఒకసారి.

"లెదర్! శభాష్," అన్నాడాయన, కాలేజీ కుర్రాడిలా. "ఇన్నాళ్ళూ ఈ ముక్కు పెట్టుకుని నువ్వు పోపులు వేస్తూ కూర్చున్నావా?"

"పోపులు వేయబట్టే ఈ ముక్కు," అంది నళిని.

శనివారం మధ్యాహ్నం కంపెనీ ఆఫీసులో పొడుగాటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఒక్కొక్కరికీ ఐదేసి గ్లాసులు పెట్టారు. చెప్పే అమ్మాయి పేరు డెనీస్. ముప్పై ఏళ్ళుంటాయి, మాట మర్యాద తెలిసిన పిల్ల. బల్ల మధ్యలో ఒక స్టీలు బకెట్ కూడా ఉంది. మింగడం ఇష్టంలేనివాళ్ళు అందులో ఉమ్మేయవచ్చని డెనీస్ చెప్పగానే వసంతలక్ష్మి ముఖం ముడుచుకుంది.

"రామ రామ! అందరి ఎంగిలీ ఒక్క బకెట్లోనా?"

"మింగేసేయ్, గొడవ ఉండదు," అన్నాడు చక్రపాణి. అతను అప్పటికే మింగేశాడు. "ఏరా శంకరం, మొదలుపెట్టు. ఈ పిల్లకి మన ద్రాక్షారామం మహత్యం తెలియాలి."

అనురాధ భర్త ఆ రోజు డ్యూటీలో ఉండి రాలేదు. ఆమె గౌరీశంకర్‌కి ఎదురుగా కూర్చుంది. ఎదురుగా ఈఎన్‌టీ డాక్టరు! నళిని కుర్చీ భర్త వైపు కొంచెం జరుపుకుంది.

మొదటివి రెండూ తెల్లవైన్‌లు. నళిని గ్లాసు ఎత్తి, నాప్‌కిన్ పెదవులకి అడ్డం పెట్టుకుని, "వెన్న కాచిన వాసన" అంది గుసగుసగా. గౌరీశంకర్ గ్లాసు తిప్పి, కళ్ళు మూసుకుని, "బటర్. కొంచెం టోస్ట్" అన్నాడు. డెనీస్ తలూపింది. రెండోదానికి "నిమ్మతొక్క, తడిసిన రాయి" అని అందించింది. అదీ దాటింది. మూడోది మొదటి రెడ్. "చెర్రీ, గోనెసంచి." ఆయన దాన్ని చెర్రీలు రాలిన అడవి దారి చేసి చెప్పేసరికి చక్రపాణి బల్ల మీద చరిచాడు.

"చూశారా! మావాడు చెబితే సీసా కూడా సిగ్గుపడుతుంది."

నళినికి ధైర్యం వచ్చింది. ఇంక రెండే.

డెనీస్ నాలుగోది పోస్తూ, ఇది బర్గండీలోనే పొమ్మార్ అనే ఊరిదని, అక్కడి రెడ్‌లన్నీ పీనో ద్రాక్షతోనే చేస్తారని చెప్పింది.

"పొమ్మారా? ఎవరు పొమ్మన్నారు?" అన్నాడు చక్రపాణి. అందరూ నవ్వారు, డెనీస్ తప్ప.

నళిని వాసన చూసింది. చూడగానే ఒకటి తట్టింది. వాళ్ళమ్మ మూడేళ్ళపాటు అటక మీద దాచి, నల్లగా మాగాక దించిన ఉసిరికాయ పచ్చడి జాడీ మూత తీసినప్పటి వాసన. పుల్లగా, మసగ్గా, లోతుగా. అదంతా ఎలా చెప్పాలి? అది వాళ్ళ కాగితంలో లేదు. చెప్పబోతూంటే వసంతలక్ష్మి ఇటు తిరిగింది. నళిని గబుక్కున ఒక్క ముక్కతో సరిపెట్టింది.

"ఉసిరి."

గౌరీశంకర్ ఆలోచించలేదు. ఉసిరికాయకి చిన్నప్పుడు బళ్ళో చెప్పిన ఇంగ్లీషు మాట నోటికి వచ్చేసింది. "గూస్‌బెర్రీ," అన్నాడు, కళ్ళు మూసుకునే.

డెనీస్ చేతిలో సీసా ఆగింది. గూస్‌బెర్రీ అంటే అమెరికాలో వేరే పండు, పచ్చగా, తేటగా ఉంటుంది. ఆ వాసన కొన్ని తెల్లవైన్‌లకి చెబుతారు. ఎర్రవైన్‌లో, అదీ పొమ్మార్‌లో, ఎవరూ చెప్పరు. డెనీస్ ఆ మాటే, నొప్పించకుండా, నవ్వుతూ చెప్పింది.

చక్రపాణికి ముప్పై ఏళ్ళ కల నెరవేరినట్టయింది. "రెడ్ వైన్‌లో గూస్‌బెర్రీనా! ఏరా, నాకు 1985లో కాలిఫోర్నియా వైన్ గురించి గంటసేపు క్లాసు పీకావు గుర్తుందా? ద్రాక్షారామంలో గూస్‌బెర్రీ కాసిందర్రా!"

"అదేమిటి వదినా," అంది వసంతలక్ష్మి, ఏ దురుద్దేశమూ లేకుండా. "ఇప్పుడు ఉసిరి అన్నది నువ్వు కదూ? ఆయనకి నువ్వు అందిస్తున్నావా?"

నళిని ఏదో ఒకటి కల్పించబోయింది. నాకు కుతూహలం ఎక్కువ, ఊరికే అన్నాను, ఆయన విని ఉంటారు... ఆమె నోరు తెరిచేలోపల గౌరీశంకర్ గ్లాసు కింద పెట్టాడు.

"నాకు వాసన తెలియదు," అన్నాడు తెలుగులో, మళ్ళీ డెనీస్ కోసం ఇంగ్లీషులో. "పదహారు నెలలైంది. నళిని చెబుతోంది, నేను అప్పజెబుతున్నాను."

ముందుగా మండిపడింది అనురాధ.

"పదహారు నెలలా? నేను ఇరవై ఏడేళ్ళుగా ఈఎన్‌టీ ప్రాక్టీస్ చేస్తున్నాను అన్నయ్యగారూ. నెలకి రెండుసార్లు నా ఎదురుగా కూర్చుని భోంచేస్తారు. నాకు చెప్పాలనిపించలేదా? స్కాన్ చేశారా? స్టెరాయిడ్ ఇచ్చారా? ఎవరు చూశారు?"

"అంటే," వసంతలక్ష్మి లెక్క వేసుకుంది, "పోయిన నెల నా గుత్తివంకాయ బ్రహ్మాండమన్నదీ..."

"అది నిజమేనమ్మా. ఉప్పూ కారం సరిగ్గా ఉన్నాయి."

"ఉప్పూ కారమేనా!"

చక్రపాణి ఒక్కడే ఏమీ అనలేదు. తన గ్లాసు కాడ పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. అతను మాట్లాడకుండా అంతసేపు ఉండటం నళిని ఎప్పుడూ చూడలేదు.

డెనీస్ తటపటాయిస్తూ అడిగింది, మరి ఇది తాగితే మీకు ఏం తెలుస్తోంది అని. గౌరీశంకర్ ఒక గుక్క తాగాడు. నాలుకతో అంగిలిని తడిమి చూసుకున్నాడు.

"పులుపు. చివర్లో కొంచెం చేదు. ఇంకా... వగరు." ఆ మాటకి ఇంగ్లీషు దొరక్క ఆగాడు. "మాకు రుచులు ఆరు. అందులో వగరొకటి. పచ్చి జామకాయ కొరికితే నోరు బిగుసుకుంటుంది చూడండి, అది. నళిని చెప్పిన ఉసిరికాయలో ఉన్నదీ అదే. అది ముక్కుతో పని లేనిది. వాసన నరం వేరు, ఇది వేరే నరం. ఇది స్పర్శ లాంటిది. ఇది నాకు పోలేదు."

ఆ సంగతి ఆయనకి ఇప్పుడే తట్టిందని నళిని కనిపెట్టింది. పదహారు నెలలు పోయినదాన్నే తలుచుకుంటూ కూర్చున్న మనిషి, ఉన్నదేమిటో చూసుకోలేదు.

డెనీస్ ఐదోది కూడా పోసింది. గౌరీశంకర్ మూడు రెడ్‌లనూ వగరును బట్టి వరసలో పెట్టి, ఇది లేతది, దీన్ని ఇంకా ఐదేళ్ళు ముట్టుకోకూడదు, ఇది ఇప్పుడే తాగేయాలి అన్నాడు. మూడూ సరిపోయాయి. డెనీస్ 'వగరు' అని రెండు మూడుసార్లు అనుకుని చూసుకుంది. అనురాధ చప్పట్లు కొట్టింది. ఇంక వెళ్ళినట్టేననుకుంది నళిని.

కారులో ఆయన సీట్ బెల్ట్ పెట్టుకుని, అద్దంలోంచి ఎదురుగా చూస్తూ అన్నాడు. "పేర్లు పంపకు."

"అదేమిటండీ, అంత బాగా..."

"బాగానా? సర్కస్‌లో ఏనుగు స్టూలెక్కితే కొట్టినట్టు కొట్టారు చప్పట్లు. పన్నెండు రోజులు అలా కొడుతూనే ఉంటారు. శంకరానికి ఇది తెలిసిందర్రా, అది తెలిసిందర్రా అని. చక్రపాణిని చూశావా? వాడు నోరు మూసుకున్నాడు. వాడు నన్ను చూసి నోరు మూసుకోవడం... నావల్ల కాదు నళినీ. ఒప్పందం ఒప్పందమే."

నళిని మాట ఇచ్చింది కనక మాట ఎత్తలేదు. రాత్రి పెరుగన్నం తిని పడుకున్నారు. పొద్దున లేచాక కూడా ఎత్తలేదు. ఆదివారం పదకొండైంది, పన్నెండైంది. కంపెనీ వాళ్ళ ఫారం వంటింటి బల్ల మీద, ఫ్రూట్ బౌల్ కింద అలాగే ఉంది.

ఒంటి గంటకి చక్రపాణి నుంచి అందరికీ ఒక మెయిల్ వచ్చింది. నళిని ముందుగా చూసింది. ఒక పేజీ నిండా ఉంది.

మిత్రులారా, మన శంకరం ముక్కు రిటైరైన కారణంగా, టూరులో వైన్ ఉపన్యాసాల బాధ్యత నేను స్వీకరిస్తున్నాను అని మొదలైంది. నిన్నటి పొమ్మార్ చక్కటి కాబర్నే ద్రాక్షతో చేసిందట. పొమ్మార్ అనేది బోర్డో పక్కన సముద్రం ఒడ్డున ఉందట. ఉప్పుగాలి వల్లే ఆ వగరు వచ్చిందట. వగరు అంటే పులుపులో ఒక రకమట. రెడ్ వైన్‌ని ఫ్రిజ్‌లో పెట్టి ఐసుముక్కలు వేసుకుంటే వగరు తగ్గుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారట. వచ్చే శనివారం తన ఇంట్లో మొదటి పాఠం, అందరూ నోట్‌బుక్‌లు తెచ్చుకోవాలి.

నళిని రెండుసార్లు చదివింది. ముప్పై ఏళ్ళు గౌరీశంకర్ పక్కన కూర్చున్నవాడికి బర్గండీకీ, ఫ్రాన్స్‌లో అటు చివరున్న బోర్డోకీ తేడా తెలియకుండా ఉండే అవకాశమే లేదు. ఆమెకే తెలుసు, తాగనిదానికి. ఒక తప్పంటే పొరపాటు. ఇన్ని తప్పులు, ఇంత పద్ధతిగా, ఒకదాని వెనక ఒకటి రాయాలంటే మనిషి కూర్చుని ఆలోచించాలి.

వసంతలక్ష్మికి ఫోన్ చేసింది.

"పొద్దుట్నుంచీ అదే పని వదినా," అంది వసంతలక్ష్మి గొంతు తగ్గించి. "కంప్యూటర్ ముందు కూర్చుని ఒకటే కొట్టడం, తుడపడం. టిఫిన్‌కి పిలిస్తే విసుక్కున్నారు. రాత్రి సరిగ్గా నిద్ర కూడా పోలేదు. నాతో ఒక్క ముక్క చెబితే ఒట్టు."

నళిని ఫోన్ పెట్టేసింది. గౌరీశంకర్ హాల్లో సోఫాలో పడుకుని, టీవీ చూడకుండా టీవీ ముందు ఉన్నాడు.

"చక్రపాణి ఏదో మెయిల్ పెట్టాడు," అంది మామూలుగా. "వైన్ గురించి. నాకేమీ అర్థం కాలేదు."

"వాడికేం తెలుసు వైన్ గురించి?"

"ఏమో. మీ ముక్కు రిటైరైంది కనక టూరులో తనే చెబుతాడట."

ఆయన కళ్ళజోడు వెతుక్కుని లేచి, కంప్యూటర్ గదిలోకి వెళ్ళాడు. నళిని కంచాలు సర్దుతూ చెవి అటు వేసింది.

"కాబర్నేనా!" అని వినిపించింది లోపలినుంచి. ఇంకాసేపటికి, "సముద్రం ఒడ్డునా? వీడి మొహం! పొమ్మార్‌కి సముద్రం ఎక్కడరా, వెధవా?" కుర్చీ ముందుకి లాగిన చప్పుడు. "నళినీ, ఐసుముక్కలట! ఫ్రెంచివాళ్ళు వీణ్ణి ఊళ్ళోకి కూడా రానివ్వరు. అనురాధ ఇదంతా నిజమనుకుంటుంది. వగరు పులుపులో రకమా? మొదటి ఏడు ఫిజియాలజీ వీడెలా పాసయ్యాడు? నా పేపర్ చూసి రాశాడు కాబట్టి పాసయ్యాడు!"

కీబోర్డు చప్పుడు మొదలైంది. రెండు వేళ్ళతో కొడుతున్నాడు, గట్టిగా, మేకులు దిగేస్తున్నట్టు.

నళిని గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. ఆయన ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసి జవాబు రాస్తున్నాడు. అప్పటికే ఆరో తప్పు దగ్గరున్నాడు. పక్కన పాత మ్యాపు పుస్తకం తెరిచి ఉంది, ఎప్పుడు తీశాడో. మొహం ఎర్రగా ఉంది. ఆ మొహం చూసి ఎన్నాళ్ళయిందో ఆమె లెక్కపెట్టలేదు.

ఒప్పందం ప్రకారం ఆమె ఆ మాట ఎత్తకూడదు. ఎత్తింది.

"ఇదిగో, ఆ ఫారం... ఐదింటితో సరి. మన పేర్లు..."

గౌరీశంకర్ తెర మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఇంకా పంపలేదా?" అన్నాడు కోపంగా.